పనిచోట మాట, పనివాని మనస్సు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభలో విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించియున్నారు. నాకు నిర్ణయింపబడిన విషయము వానికంటె చిన్నదిగా తోచవచ్చును. పని చేయించువాడు పని చేయువానితో నెట్లు మాటలాడవలెను, ఆ మాటవలన పనివాని యుత్సాహము ఎట్లు పెరుగును, ఎట్లు తరుగును అనునదియే నా విషయము. మనలో బియ్యపుమరలు గలవారు కలరు. బట్టల యంగళ్లు గలవారు కలరు. బడులు నడపువారును, బస్సులు త్రిప్పువారును కలరు. వారికంటె పెక్కురెట్లు అధికముగ, ఇతరులకడ జీతమునకు కుదిరి పనిచేయువారు కలరు. కావున నిది సభయందలి యుభయపక్షములకును చెందిన విషయమే. ముందువరుస కుర్చీలలో నున్నవారికి కొంచె మెక్కువగ చెందినదని మాత్రము సవినయముగ మనవిచేయుచున్నాను.

దృష్టాంతమునకై దూరదేశములకు పోనక్కరలేదు. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ తల్లిని దర్శించుకొని, పులికాటు సరస్సును చీల్చుకొనిపోవు బాటమీదుగ తూర్పునకు పోయినచో శ్రీహరికోట చేరుదుము. ఒకప్పు డది మదరాసు పట్టణమునకు వంటచెరకు నంపునట్టి యడవి. యానాదులు తేనెయు, దుంపలును, చేపలును సంపాదించుకొని బ్రతికిన దీవి. 1969లో ఆ తావు రాకెట్టు ప్రయోగములకై యెన్నుకొనబడెను. 1971 అక్టోబరు మాసమున నచ్చటినుండి మొదటి చిన్న రాకెట్టు లేచెను. నెల్లూరు జిల్లాలో నుండిన యా దీవి 2022నుండి మన తిరుపతి జిల్లాలోనిదైనది. అచ్చటి కేంద్రమునకు 2002లో సతీశ్ ధవన్‌గారి పేరు పెట్టిరి. పెద్దవారి పేర్లు కట్టడములకు పెట్టుట మన దేశమున సాధారణమే గాని, ఈ పేరు ఆ స్థలమునకు ఎట్లు తగినదో తెలిసినవారు మనలో కొలదిమందియే యుందురు.

1979 ఆగస్టు 10వ తేదీ యుదయమున 8 గంటలు కావచ్చుచుండగా శ్రీహరికోటనుండి ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టు లేచెను. ఎత్తు సుమారు 23 మీటర్లు, బరువు 17 టన్నులు, అంచెలు నాలుగు. ఉపగ్రహమును కక్ష్యలో నిలుపవలెనని మన దేశము స్వయముగ నిర్మించిన మొదటి వాహనమది. దానివెనుక నెన్నియో యేండ్ల కృషియు, వందలకొలది జనుల నిద్రలేమియు నుండెను. మొదటి యంచె చక్కగ పనిచేసెను. రెండవ యంచెలో వాహనము అదుపు తప్పెను. లేచిన 317 సెకన్లకు అంతయు ముగిసి, వాహనము బంగాళాఖాతమున కూలెను. ఆ పథకమునకు నాయకుడు ఏ.పి.జె. అబ్దుల్ కలాముగారు. అప్పటి కాయన రాష్ట్రపతి కాదు, దేశమెరిగిన మనుష్యుడును గాడు.

ఇక నచ్చట జరిగిన సంగతి చిత్తగింపుడు. పత్రికలవారు కాచుకొనియున్నారు. ప్రజాధనము సముద్రము పాలయ్యెనను నింద సిద్ధముగ నున్నది. ఇట్టి సమయమున పై యధికారి యొక్క సహజ స్వభావ మెట్లుండునో మన మెరుగుదుము. "విచారణ జరుగుచున్నది, బాధ్యులపై చర్య తీసికొనబడును" అని యొక ముక్క చెప్పి తాను ప్రక్కకు తొలగును. ధవన్‌గారు ఇస్రోకు అధ్యక్షులు. ఆయన కలామును వెంటబెట్టుకొని పత్రికలవారి యెదుటికి తానే పోయిరి. ప్రయోగము విఫలమైనదని నేరుగ నొప్పుకొనిరి. ఆ వైఫల్యమునకు బాధ్యత తనదని పలికి, తన సహచరుల సామర్థ్యమునం దు తనకు విశ్వాసము కలదనియు, తదుపరి యేట వారు విజయము సాధింతురనియు చెప్పిరి. ఈ సంగతిని కలాముగారే తరువాతి కాలమున నెన్నియో సభలలో చెప్పుచు వచ్చిరి.

తదుపరి యేట, 1980 జూలై 18వ తేదీన, అదే తావునుండి అదే రకపు రాకెట్టు లేచి 35 కిలోల రోహిణి యుపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఆనాడు పత్రికలవారితో మాటలాడుటకు ధవన్‌గారు తాము పోలేదు, కలామునే పొమ్మనిరి. ఓడిననాడు తాను ముందు నిలిచి, గెలిచిననాడు తాను వెనుకకు తగ్గెను. మనలో నెందరు యజమానులు ఈ క్రమమును పాటించుచున్నారో ఎవరికి వారు మనస్సులో లెక్కవేసికొందురు గాక.

ఈ కథ మీలో పెక్కురు వినియుందురు. వినని భాగము వేరొకటి కలదు. నాకదియే యెక్కువ విలువగలదిగా కనబడుచున్నది. ఆ యుదయమున ప్రయోగము ముగిసిన తరువాత కలాముగారు బడలిక చేతను, దుఃఖముచేతను తమ గదికి పోయి పడుకొనిరి. తిరువనంతపురమందలి విక్రమ్ సారాభాయి కేంద్రమునకు అప్పుడు అధిపతి బ్రహ్మప్రకాశ్‌గారు, వయసునను పదవిలోను పెద్దవారు. ఆయన కలాము గదికి వచ్చి, నిద్రించుచుండుట చూచి లేపక మరలిపోయిరి. మరల వచ్చి మరల పోయిరి. మూడవమారు వచ్చి, మెలకువ వచ్చిన పిమ్మట, భోజనమునకు పోవుదము రమ్మని పిలిచిరి. అంతవరకు తానును భుజింపలేదు. ఈ సంగతి కలాముగారి యాత్మకథలో నున్నది. ఇందులో నుపదేశము లేదు, ఓదార్పు వాక్యముల దండకము లేదు. "అన్నమునకు పోదమా?" అను నంతటి మాట. మాట యనగా నోటినుండి వెడలు శబ్దము మాత్రమే కాదు; రెండుమారులు వచ్చి మరలిపోయిన యడుగులుకూడ మాటయే.

తరువాత వైఫల్యకారణమును వెదకిరి. రెండవ యంచెను నడపు నియంత్రణ వ్యవస్థలో నొక కవాటమున దుమ్ము చేరి, అది మూతపడక, నైట్రికామ్లము కారిపోయినదని తేలెను. కారుట ప్రయోగమునకు 8 నిమిషములు ముందుగనే మొదలైనది. మరియు నది ప్రయోగమునకు ముందు కనుగొనబడియే యుండెను. స్వల్పమని యెంచి ముందునకు సాగిరి. విశ్లేషణ సభలో సాంకేతిక కారణములను విని అందరు తృప్తిచెందిన తరువాత కలాముగారు లేచి, ఆ యామ్లము కారుటను స్వల్పమని నిర్ణయించినవాడను నేనే, ప్రయోగమును నిలుపవలసియుండెను, బాధ్యత నాదే యని చెప్పిరి. సభ నిశ్శబ్దమయ్యెను. బ్రహ్మప్రకాశ్‌గారు లేచి యొక హాస్యపు మాటతో నా బరువును దించిరి. కలాము ఉద్యోగము పోలేదు.

ఇందు గమనింపవలసినది దయాగుణము మాత్రమే యని యెవరేని తలచిన, వారు సగము సంగతియే గ్రహించినవా రగుదురు. ధవన్‌గారు పత్రికలవారి యెదుట నొక మనుష్యుని పేరు చెప్పి వాని నెత్తిన నింద వేసియున్నచో, ఆ విశ్లేషణ సభలో ఎవడైనను లేచి "తప్పు నాది" అని చెప్పియుండునా? ప్రతివాడును తన కాగితములను దాచుకొనును. కవాటమును చూచినవాడు చూడలేదనును. దుమ్ము కథ దుమ్ములోనే కలిసిపోవును. 1980లో అదే కవాటము మరల మూతపడక నిలుచును. పనివానికి ధైర్యమిచ్చుట యనునది వాని సంతోషముకొరకు మాత్రమే కాదు. వాడు చూచిన నిజము మనకు చేరవలె నన్నచో వానికి భయ ముండరాదు. ఇది ధర్మము గాకపోయినను, వ్యాపారమని యెంచియైనను మనము గ్రహింపవలసిన సంగతి.

ఇంకొక మాట. ధవన్‌గారు వైఫల్యమును కప్పిపుచ్చలేదు. సగము విజయమని తీపిమాట చెప్పలేదు. ఓడితిమనిరి. ఉత్సాహపఱచుట యనగా నబద్ధమాడుట యని మనవారిలో నొక భ్రమ కలదు. పనివాడు పిచ్చివాడు కాడు. నష్టము వచ్చిన యంగడిలో "అంతయు బాగుగనే యున్నది" అను యజమానిని వాడు ఆ సాయంకాలమే నమ్ముట మానును.

శ్రీహరికోటలో "ఆపుడు" అను మాటకు విలువ కలదు. 2001 మార్చి 28వ తేదీన మొదటి జి.ఎస్.ఎల్.వి. యొక్క యంత్రములు రగిలిన పిమ్మట, నొకదానికి తగిన బలము రానందున నియంత్రణ యంత్రమే ప్రయోగమును నిలిపివేసెను; ఏప్రిలు 18న నది లేచెను. 2013 ఆగస్టు 19వ తేదీన జి.ఎస్.ఎల్.వి.-డి5లో నింధనము కారుచుండుట కనిపెట్టి, గంటకు పైగా సమయ ముండగనే ఆపిరి; 2014 జనవరి 5న విజయవంతముగ పంపిరి. 2019 జూలై 15వ తేదీ తెల్లవారుజామున రాష్ట్రపతి మొదలుగా నందరు చూచుచుండగా చంద్రయాన్-2ను 56 నిమిషముల ముందు నిలిపిరి. వారము తిరుగగనే, 22వ తేదీన పంపిరి. 2023 అక్టోబరు 21న గగనయానమునకు సంబంధించిన పరీక్షావాహనము కడపటి 5 సెకన్లలో నిలిచిపోయినప్పుడు, అధ్యక్షులు సోమనాథ్‌గారు తామే ముందునకు వచ్చి యేమి జరిగినదో, ఇంకను ఏమి తెలియవలసియున్నదో అందరకు చెప్పిరి. ఆ యుదయమే దోషమును సరిదిద్ది 10 గంటలకు పంపిరి. ఇన్ని మారులు ఆగినందున నా సంస్థ గౌరవము తగ్గినదా? మన యంగళ్లలో, మరలలో "ఆపుడయ్యా, ఏదో తేడాగా నున్నది" యని చెప్పిన కూలివానికి ఏమి జవాబు దొరకునో నేను వర్ణింపనక్కరలేదు.

ఆ జవాబు దొరకిన చోట ఏమగునో చూపుటకు మాత్రము సముద్రము దాటి పోవలసియున్నది. అమెరికాలో 1986 జనవరి 27వ తేదీ రాత్రి, చాలెంజర్ అను వ్యోమనౌక మరునాడు లేవవలసియుండగా, దాని ఘనఇంధన రాకెట్టులను చేసిన థయోకాల్ సంస్థ యింజనీర్లు అడ్డుపడిరి. చలి అధికముగ నున్నది, అతుకులందలి రబ్బరు వలయములు బిగుసుకొనును, పంపవలదనిరి. వారిలో రోజర్ బాయిస్‌జాలీ అను నాయన ఈ యపాయమును గూర్చి మునుపే వ్రాసి హెచ్చరించియుండెను. టెలిఫోనులో గంటలకొలది వాదము జరిగెను. నాసావారు విసుగుకొనిరి. కడకు థయోకాల్ పెద్దలు తమ యింజనీర్ల మాటను త్రోసిపుచ్చి సరే యనిరి. మరునాడు లేచిన 73 సెకన్లకు నౌక ఛిన్నాభిన్నమై, అందలి యేడుగురు మరణించిరి. చెప్పినవాడు లేక కాదు, వినువాడు లేక.

పదునేడేండ్లకు అదే సంస్థలో నదే కథ. 2003 జనవరిలో కొలంబియా నౌక లేచునప్పుడు నురుగు ముక్క యొకటి ఊడి రెక్కకు తగిలెను. రెక్క దెబ్బతిన్నదేమో చూచుటకు ఛాయాచిత్రములు కావలెనని యింజనీర్లు కోరిరి, పైవారు అక్కరలేదనిరి. ఫిబ్రవరి 1వ తేదీన తిరిగివచ్చునప్పుడు నౌక ఆకసముననే విచ్చిపోయెను. మన దేశపు ఆడుబిడ్డ కల్పనా చావ్లా ఆ యేడుగురిలో నొకతె. విచారణసంఘమువారు తమ నివేదికలో నురుగుముక్కను మాత్రమే గాక, క్రిందివాని మాట పైవానికి చేరని యా సంస్థయొక్క వాడుకనుకూడ కారణముగ చూపిరి.

మనకిది క్రొత్త సంగతియా? రావణుని కొలువును తలచుకొనుడు. మారీచుడు హితవు చెప్పెను. చంపుదునని బెదరింపగా లేడియై పోయెను. యుద్ధమునకు ముందు కొలువులో నొక్కొక్క మంత్రియు లేచి నేనొక్కడనే వానరసేనను గెలుతునని ప్రగల్భములు పలికెను. ఒక్క విభీషణుడు మాత్రము నిజము చెప్పెను. ఆయన కొలువు విడిచి పోవలసివచ్చెను. లంకలో రాక్షసబలమునకు గాని, ధనమునకు గాని కొఱత లేదు.

పాశ్చాత్యులు దీనిని శాస్త్రముగ పరీక్షించిరి. చికాగో సమీపమున హాథార్న్ అను చోట టెలిఫోను సామానులు చేయు కర్మాగారములో 1924 మొదలు 1932 వరకు పరిశోధనలు జరిగెను. దీపముల వెలుతురు పెంచిన పని పెరుగునా యని మొదలిడి, వెలుతురుకంటె మనుష్యునిపట్ల చూపు శ్రద్ధ ముఖ్యమను తలంపునకు వచ్చిరి. ఆ పరిశోధనల ఫలితములపై పండితులలో వాదములు కలవు. వానిలోనికి నేను పోను. అందొక భాగము మాత్రము నాకు నచ్చినది. సుమారు 21,000 మంది పనివారిని ఒక్కొక్కరినే కూర్చుండబెట్టి, వారేమి చెప్పదలచిరో అది చెప్పనిచ్చి వినిరి. చెప్పుకొనుటకు తావు దొరకినందుననే పెక్కుమంది మనస్సులు తేలికపడినవట.

ఇక మన యింటికి వత్తము.

మొదటిది పిలుపు. అరువదేండ్లు నిండిన గుమాస్తాను, నెరసిన మీసముగల హమాలీని, యజమానుని పదునెనిమిదేండ్ల కుమారుడు "ఒరే" యని పిలుచుట నేటికిని మన యంగళ్లలో వినబడుచునే యున్నది. జీతములో నూరురూపాయలు తగ్గిన యోర్చుకొనువాడు ఆ పిలుపును మాత్రము రాత్రి యింటికి మోసికొనిపోవును. "ఏమయ్యా", "పెద్దాయనా", "అన్నా" యని పిలుచుటకు ఖర్చు లేదు. కులమున తక్కువవాడను తలంపు ఈ పిలుపులో దాగియున్నదని మన మెరుగనట్లు నటింపరాదు. మనలను పైవారు "ఒరే" యన్న దినములలో మన తాతలు బాధపడియే ఈ సంఘమును స్థాపించుకొనిరి గదా!

రెండవది నింద. ఒక పట్టణమున నాకు తెలిసిన బట్టల యంగడి యొకటి కలదు, పేరు చెప్పను. యజమానుడు సత్పురుషుడే. దసరాకు క్రొత్తబట్టలు, పిల్లల చదువునకు అప్పు, అన్నియు నిచ్చును. కాని పొరపాటు జరిగిన, కొనువా రెదుట నుండగనే కేకలు వేయును. మెచ్చుకొనవలసివచ్చిన మాత్రము ఇంటికి పోయి భార్యతో చెప్పును. పదిమందిలో తిట్టుటయు, చాటున మెచ్చుటయు ఆయన పద్ధతి. ఒకనాడు సరకులో తడిసిన మూట యొకటి వచ్చెను. దించినవాడు చూచెను. చెప్పిన, తడిపినవాడవు నీవే యందురని యూరకుండెను. నెల దినములకు మూట విప్పగా బట్టలన్నియు బూజుపట్టియున్నవి. ఆ నష్టము ఖాతాలో "సరకు పాడు" అని వ్రాయబడినది. వ్రాయవలసిన పద్దు వేరు.

మూడవది మౌనము. దీనిని గూర్చి యెవరును ఫిర్యాదు చేయరు గాని, తిట్టుకంటె నిదియే యెక్కువ కొరుకును. వేరొక యూరికి మార్పు, జీతములో కోత, దుకాణము మూత — ఇట్టి వార్త పనివానికి యజమానుని నోట తెలియవలెనా, కాఫీ హోటలులో తెలియవలెనా? చెప్పనిచోట వదంతి చెప్పును. వదంతి ఎన్నడును మేలు చెప్పదు.

మన ప్రాంతమున నీ సమస్యకు క్రొత్త రూపము వచ్చినది. సత్యవేడు ప్రక్కన శ్రీసిటీ మొదలైన 2008 తరువాత, మన పల్లెల బాలురును బాలికలును వేలకొలదిగ కర్మాగారములలో చేరిరి. తెలుగువారి ప్రక్కన తమిళులు, ఉత్తరదేశపువారు; పైన జపానువారు, కొరియావారు, చీనావారు. ఆజ్ఞ యొక భాషలో పుట్టి, రెండు భాషలు దాటి, మూడవదానిలో పనివాని చెవిని పడును. నడుమ నున్న పర్యవేక్షకుడు తరచుగ మనవాడే. వాడు అనువదించునప్పుడు అర్థమును దించి, కోపమును మాత్రము నిలుపుకొనుచున్నాడా యని విచారించుకొనవలెను. ఆ యుద్యోగములలో నున్న మన యువకులకు సభ వారు చేయదగిన హితవు ఇదియే: మీరు దుబాసీలు, అటు చెప్పినది ఇటు చెప్పుటతో సరిపోదు, ఇటువారు చెప్పినది అటును చెప్పవలెను.

సెల్‌ఫోను వచ్చిన పిదప యజమానుని మాటకు వేళలేకుండ పోయినది. రాత్రి 11 గంటలకు వాట్సాపు సమూహమున నొక తాకీదు. దానికి బొటనవ్రేలి గుర్తు పెట్టని వానికి మరునాడు సంజాయిషీ. సమూహమున నలువదిమంది చూచుచుండగ నొకని తప్పును ఫోటోతో సహా పెట్టుట బజారులో నిలబెట్టి తిట్టుటయే యగును. బజారు మాట గాలికి పోవును. ఈ మాట ఫోనులో నిలిచియుండి, వాడు చూచుకొన్నప్పుడెల్ల మరల తిట్టును.

ఇంత చెప్పితి నని, మంచిమాట యుండిన చాలును, జీతము సకాలమున నీయకపోయినను పరవాలేదని యెవరును గ్రహింపరాదు. మూడుమాసముల జీతము బాకీపెట్టి భుజము తట్టు యజమానుని పనివాడు తిట్టుకొనుట న్యాయమే. మాట జీతమునకు బదులు కాదు. జీతము మాటకును బదులు కాదు.

పనివారి పక్షమునను ఒక్క ముక్క. కవాటమునుండి యామ్లము కారుటను చూచినవాడు చెప్పవలెను. "మనకెందుకులే" యను మాట వినయము కాదు. చెప్పునప్పుడు పదిమందిలో గాక పెద్దవానిని వేరుగ కలిసి, ఏమి చూచితివో, ఎప్పుడు చూచితివో అంతమట్టుకే చెప్పుట మంచిది. వ్రాసి యిచ్చుట యింకను మంచిది. విననిచో మరల చెప్పవలెను.

అధ్యక్షా! ఇతరులకు చెప్పునట్టి మనము మన సంఘకార్యాలయమునుకూడ చూచుకొనవలసియున్నది. మన యుపకారవేతన నిధికి ప్రతి వత్సరము విద్యార్థులు దరఖాస్తులు పెట్టుకొనుచున్నారు. లభించినవారి పేర్లు సంచికలో ఫోటోలతో ప్రకటింపబడును. లభింపనివారికి మాత్రము మననుండి యే జవాబును పోవుట లేదు. ఆ బాలుడు గాని బాలిక గాని జూలైనుండి దసరావరకు తపాలా కొరకును, ఫోను కొరకును చూచి, తనలో నేమో లోపము కలదని నిశ్చయించుకొనును. ఇకమీదట లభింపని ప్రతి విద్యార్థికిని, కారణమును, మరుసటి యేట దరఖాస్తు పెట్టుకొనదగునా లేదా యనుదానిని తెలుపుచు, కార్యదర్శి స్వహస్తముతో సంతకముచేసిన యుత్తర మొకటి ఆగస్టు నెలాఖరులోగా పంపవలెను. వసతిగృహమున వంటవారితోను, కావలివానితోను నెలకొకమారు కార్యవర్గములో నొకరు కూర్చుండి వారు చెప్పునది విని వ్రాసికొనవలెను. ఈ రెంటిని తీర్మానములుగ ప్రతిపాదించుటకు అధ్యక్షులవారి యనుమతిని వేడుచున్నాను. బలపఱచుటకు ముందువరుసనుండియే యెవరైనను లేతురని యాశించుచున్నాను.